సొర పన్నుకు పేరు పెట్టేముందు

భూగర్భశాస్త్రం చదివి ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గుంటూరులో మా వీధి మొదట ఆటో దిగి, టీ కొట్టులో నా పేరు చెబితే, "ఎవరు, రాళ్ళ మాస్టారా?" అని అడిగి మరీ దారి చూపిస్తారు. వచ్చినవాళ్ళు ముందు జీతాల సంగతి అడుగుతారు, తర్వాత ప్రమోషన్ల సంగతి. అవి నాకంటే ఆఫీసు గుమాస్తాలకు బాగా తెలుసు. నాకు తెలిసింది ఒకటే. మన బల్ల మీదికి ఎవరో ఒకరు ఏదో ఒక ముక్క తెచ్చి పెడతారు. "ఇదేంటి సార్?" అంటారు. దానికి నిజాయితీగా జవాబు చెప్పడమే మన ఉద్యోగం. మిగతాదంతా సంతకాలు పెట్టడం.

నేను పర్చూరు దగ్గర పల్లెలో దూదేకులవారి ఇంట పుట్టాను. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. పత్తి కొనేముందు చిటికెడు తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగి చూసేవాడు. తెల్లగా మెరిసే పత్తిని చూసి మురిసిపోయే బేరగాళ్ళంటే ఆయనకు నవ్వు. నేను జియాలజీ లెక్చరర్ అయ్యానని తెలిసినప్పుడు, "రాళ్ళకు కూడా బళ్ళో పాఠాలు ఉంటాయేంట్రా?" అని ఆశ్చర్యపోయాడు. ఆయన వేళ్ళు చేసిన పనే జీవితమంతా నేనూ చేశానని ఆయనకు ఎప్పుడూ సరిగ్గా వివరించలేకపోయాను.

మా కాలేజీలో అన్ని రకాల ముక్కలూ వచ్చేవి. అందులో నాకు ఎక్కువ ఇష్టమైనవి సముద్రపు ఒడ్డున దొరికాయని తెచ్చే సొరచేప పళ్ళు. సూర్యలంక వెళ్ళి స్నానం చేసి వచ్చిన ప్రతివాడికీ ఒక సొర పన్ను దొరికేది. అందులో సగం పీత గోళ్ళు. కొన్ని నల్లగాజు ముక్కలు, అలల్లో అరిగి మూడు మూలలైనవి. జెల్ల చేప ముల్లు తెచ్చి, కోట్ల ఏళ్ళ నాటి రాక్షసి సొరదని వాదించిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. కాదంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడైతే వాట్సాప్‌లో ఫోటో పంపి, కింద రెండు దండాలు పెట్టి, వెంటనే చెప్పమంటున్నారు. పిల్లలూ, ఫోటో చూసి ఎప్పుడూ పేరు చెప్పకండి. ఫోటోకు బరువుండదు.

ప్రమీల మేడం

ఈ పని నాకు నేర్పింది ప్రమీల మేడం. నేను చేరేనాటికి ఆవిడ నాకంటే కొంచెం సీనియర్. తర్వాత చాలా ఏళ్ళు మా శాఖకు హెడ్. నేతచీర, భుజానికి గుడ్డసంచి, మెడలో గొలుసుకు బదులు నల్లతాడుకు వేలాడే భూతద్దం. కొత్తగా చేరిన పిల్లలు ఆవిడను చూసి లైబ్రరీ మేడం అనుకునేవాళ్ళు. ఆ పొరపాటు మొదటి ఫీల్డు ట్రిప్పులోనే పోయేది. ఎర్రటి ఎండలో మేము నీడ వెతుక్కుంటుంటే, ఆవిడ వాగు గట్టు మీద సుత్తి పట్టుకుని ఉండేవారు.

మేడం పద్ధతి ఒక్కటే. "ముందు చేతికివ్వండి, తర్వాత కంటికివ్వండి, ఆఖర్న నోటికివ్వండి" అనేవారు. అంటే బరువు, గరుకు, చల్లదనం చేత్తో చూసి, ఆ తర్వాత భూతద్దం పెట్టి, అన్నీ అయ్యాక మాట్లాడమని. మనలో చాలామందికి ఇది తలకిందులుగా ఉంటుంది. ముందు నోరు తెరుస్తాం. ఆ తర్వాత అన్న మాటకు తగ్గట్టు కళ్ళు చూడటం మొదలుపెడతాయి.

సొర పన్ను విషయంలో ఆవిడ చెప్పిన పాఠం మీకూ చెబుతాను. సొరకు పళ్ళు జీవితమంతా ఊడుతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. అందుకే సముద్రంలో వాటికి కరువు లేదు. ఊడిన పన్ను బురదలో పడి, కోట్ల ఏళ్ళు రాతి పొరల కింద ఉండి, లోపలి పదార్థం పోయి ఖనిజం నిండితే అది శిలాజం. నిన్న మొన్న ఊడింది అయితే వట్టి పన్ను. రెంటికీ తేడా రంగులో లేదు. సొర పన్ను నల్లబడటానికి కోట్ల ఏళ్ళు అక్కర్లేదు, కుళ్ళిన నల్లబురదలో కొన్నేళ్ళుంటే చాలు. మన మిర్చి యార్డులో చూడండి. అనుభవం ఉన్న వ్యాపారి కాయ ఎర్రగా ఉందని కొనడు. విరిచి చూస్తాడు, వాసన చూస్తాడు, చెవి దగ్గర పెట్టి ఊపి గింజ చప్పుడు వింటాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన నిరుటి కాయ కూడా ఎర్రగానే ఉంటుంది మరి.

దాచేపల్లి పన్ను

మేడం కంటే ముందు మా హెడ్డుగారు ఒకాయన ఉండేవారు. భారీ మనిషి, కంచు కంఠం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవారు. వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి వినేవాడు.

ఒకరోజు దాచేపల్లి వైపు నుంచి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు జీపులో వచ్చాడు. క్వారీలో దొరికిందని సున్నపురాయి పలక ఒకటి తెచ్చాడు. అందులో సొర పన్ను ఒకటి సగం దిగబడి ఉంది. హెడ్డుగారు పలక చేతిలోకి తీసుకుని చూసి, "బ్రహ్మాండం! మన జిల్లా చరిత్రే మారిపోతుంది" అన్నారు. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. టీలు వచ్చాయి. పేపరువాళ్ళకు కబురు పెట్టమని హెడ్డుగారు అటెండరును పిలిచారు.

మూల కుర్చీలో కూర్చుని జవాబుపత్రాలు దిద్దుకుంటున్న ప్రమీల మేడం లేచి వచ్చారు. "సార్, ఒక్క మాటండీ. దాచేపల్లి సున్నపురాయి ఏర్పడేనాటికి భూమ్మీద పన్నున్న జీవి ఇంకా పుట్టలేదు కదండీ" అన్నారు.

పాఠంలో అది పిల్లలకు రోజూ చెప్పే మనిషి ఆ హెడ్డుగారే. ఆ రాయి వయసు ఆయనకు తెలియక కాదు. పన్ను కళ్ళ ముందు కనబడేసరికి తెలిసింది పక్కకు జరిగింది. మేడం భూతద్దం ఆయన చేతికిచ్చారు. పన్ను చుట్టూ ఉన్న బూడిదరంగు పదార్థంలో ఇసుక రేణువులు కనబడుతున్నాయి, అంచు వెంట వెంట్రుకంత సందు ఉంది. ఎవరో కూలీలు సముద్రానికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న పన్నును రాతిలో గుంట చేసి అతికించారు.

"సిమెంటు ఫ్యాక్టరీలో సిమెంటుకు కరువా సార్" అన్నారు మేడం, మెల్లగా.

హెడ్డుగారు మండిపడతారని భయపడ్డాం. ఆయన చాలాసేపు భూతద్దంలోంచి చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వక తప్పలేదు. సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ, "ఇవాళ ఈవిడ నా పరువు కాపాడింది. మీరంతా టీ తాగుతూ కూర్చున్నారు" అని మమ్మల్ని తిట్టారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే. తప్పు చూపించినవాళ్ళను దగ్గరకు తీసుకునే బాసు దొరకడం అదృష్టం. దొరికితే వదలకండి, ఎంత గట్టిగా అరిచినా సరే.

తుపాను తర్వాత

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని తర్వాత జరిగింది. అప్పటికి మేడం హెడ్డు. రిటైర్మెంటు దగ్గరపడింది. మా శాఖ పరిస్థితి బాగాలేదు. ప్రతి తల్లీ తండ్రీ పిల్లల్ని కంప్యూటర్లకే పంపుతున్నారు. మా క్లాసులో బెంచీలు ఖాళీగా ఉండేవి. జియాలజీలో కొత్తగా అడ్మిషన్లు ఇవ్వాలా, కోర్సు మూసేయాలా అని తేల్చడానికి ఒక కమిటీ వస్తుందని తెలిసింది. మా మ్యూజియం గది మీద కంప్యూటరు శాఖ వాళ్ళు అప్పటికే కన్నేశారు. కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని కూడా వచ్చారు.

ఆ మ్యూజియం మేడం చేతిమీద పెరిగింది. పాత బీరువాలకు తనే వార్నిష్ వేశారు. ప్రతి రాయికీ అట్టముక్క మీద తన అక్షరాలతో పేరు, దొరికిన చోటు రాశారు. సెలవుల్లో కూడా వచ్చి దుమ్ము తుడిచేవారు. కోర్సు పోతే ఆ గదీ పోతుంది. ఆవిడ ఆ మాట పైకి అనలేదుగానీ, ఆ రోజుల్లో బీరువాల ముందు నిలబడి ఊరికే చూస్తూ ఉండటం నేను గమనించాను.

సరిగ్గా అప్పుడే తుపాను వచ్చి వెళ్ళింది. మా రీసెర్చి విద్యార్థిని ఝాన్సీ, చీరాల దాటాక ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెల మీద పనిచేస్తుండేది. మా పర్చూరు వైపు పిల్లే, పత్తీ మిరపా వేసే ఇల్లు. తుపానుకు ఏటి గట్టు కోసుకుపోయిన చోట ఆమెకు సొర పళ్ళు దొరికాయి. ఒకటీ రెండూ కాదు. అన్నీ నల్లగా, నిగనిగలాడుతూ, ముక్కోణపు ఆకారంలో, అంచున సన్నటి రంపపు పళ్ళతో ఉన్నాయి. అగ్గిపెట్టెల్లో తమ చేలోని పత్తి పరిచి, ఒక్కో పన్నునూ ఒక్కో పెట్టెలో పడుకోబెట్టి తెచ్చింది. పసిబిడ్డల్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చింది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ప్రతి పన్ను మొదట్లో, చిగురులో ఉండే భాగానికి రెండు పక్కలా చిన్న గాటు ఉంది. మాకు తెలిసిన ఏ సొరకూ అక్కడ అలాంటి గాటు ఉండదు. ఝాన్సీ బొమ్మలు గీసింది, పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు.

"సార్, ఇది కొత్త జాతేమో" అంది నాతో.

సముద్రం అడుగున ఎక్కడో పాత రాతి పొర ఉండి, తుపాను దాన్ని కదిపి ఇవి బయటికి తెచ్చిందనుకుంటే, అది చిన్న విషయం కాదు. ఆ కబురు ప్రిన్సిపాల్‌గారికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు. మా కోర్సు నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుకున్నవాడు. పరుగున వచ్చి, "మేడం, కమిటీ వచ్చేలోపల పేపర్లో వేయిద్దాం. కొత్త జాతికి మన కాలేజీ పేరు పెట్టొచ్చాండీ?" అని అడిగారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మేమంతా పేర్ల గురించే మాట్లాడుకున్నాం. మేడం మాత్రం ఒక పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని, పిడికిలి మూసి అలాగే కూర్చున్నారు.

దవడ పేర్చడం

మర్నాడు మేడం పెద్ద తెల్లకాగితం బల్ల మీద పరిచి, దవడ ఆకారం గీశారు. "ఝాన్సీ, వీటిని ఏ పన్ను ఎక్కడిదో అక్కడ పేర్చమ్మా" అన్నారు.

ఇది మీరూ చేయండి. చాలామంది చేయరు. సొర నోట్లో అన్ని పళ్ళూ ఒకేలా ఉండవు. మేము చూస్తున్న రకంలో పై దవడవి వెడల్పుగా, కోయడానికి కత్తిపీటలా ఉంటాయి. కింది దవడవి సన్నగా, గుచ్చి పట్టుకోవడానికి. మూలలకు వెళ్ళేకొద్దీ పొట్టిగా, వంకరగా అవుతాయి.

ఝాన్సీ ఒక్కొక్కటే పేర్చింది. పైవరస ముందు భాగంలో పళ్ళు కుప్పపడ్డాయి, ఒకదాని మీద ఒకటి పెట్టాల్సి వచ్చింది. మూలలు ఖాళీ. కిందివరస మొత్తం ఖాళీ. ఆమె చేయి ఆగిపోయింది.

"కింది దవడ లేని సొర ఏం తిని బతికిందమ్మా?" అన్నారు మేడం.

ఝాన్సీ తేలిగ్గా లొంగే పిల్ల కాదు. అందుకే ఆమె అంటే నాకు ఇష్టం. "అలలు బరువును బట్టి వేరు చేస్తాయి కదా మేడం. పెద్దవి ఒకచోట వేసి, చిన్నవి ఇంకోచోట వేసి ఉండొచ్చు" అంది.

"మంచి మాట. అలా అయితే అంత బరువున్న గవ్వలు, గులకరాళ్ళు కూడా వీటితోపాటు ఉండాలి. ఉన్నాయా?"

లేవు. నల్లబురద, అందులో పళ్ళు, అంతే.

"సముద్రం బరువు చూసి వేరు చేస్తుంది. అందం చూసి ఏరదు. ఇవి ఎవరో ఏరినవి" అన్నారు మేడం.

తర్వాత భూతద్దం గాటు మీదికి వెళ్ళింది. రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంది కానీ, లోతు ఒక్కో పన్నుకు ఒక్కో రకం. కొన్నిటిలో రెండుసార్లు కోసిన జాడ ఉంది, మొదటిసారి కత్తి జారినట్టు. పుట్టుకతో వచ్చిన గాటు అయితే అలా ఉండదు. చివరికి, విరిగిపోయి ఉన్న ఒక పన్నును తిప్పి చూపించారు. పైన నలుపు, లోపల తెలుపు. స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చిన సూది మొన దానికి తాకించారు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. రాయిగా మారిన పన్నుకు అలా వాసన రాదు.

ఝాన్సీ ఏడ్చేసింది. నాకూ బాధేసింది, కారణం వేరు. ఆ వాసనతోపాటు మా కోర్సు కూడా కాలిపోయిందని నాకు తెలిసింది. అది మేడంకు నాకంటే ముందే తెలుసు. అయినా సూది చల్లారేదాకా ఆగి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టారు.

"నువ్వు ఏరడంలో తప్పు లేదమ్మా. బొమ్మలు బాగా గీశావు, చోటు సరిగ్గా రాసుకున్నావు. పేరే తొందరపడింది" అన్నారు. కొంచెం ఆగి, "ఇప్పుడే కదా అసలు ప్రశ్న వచ్చింది. ఈ గాటు పెట్టిందెవరు?" అన్నారు. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నిజంగా సంతోషం ఉంది. ఆ మనిషిని నేను ఎందుకు అంతగా అభిమానించానో చెప్పమంటే, ఆ క్షణం గురించే చెబుతాను.

పోలమ్మ

ముగ్గురం కలిసి ఆ ఏటి ఒడ్డునున్న జాలర్ల పల్లెకు వెళ్ళాం. ఇసుకలో వల పరిచి చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దామె కనబడింది, పేరు పోలమ్మ. మేడం అగ్గిపెట్టె తెరిచి చూపించారు. పోలమ్మ తొంగి చూసి పెద్దగా నవ్వింది.

"ఓసి, ఇయ్యి మా పిల్లకాయల పళ్ళు గదా! ఎక్కడ దొరికినయ్యి మీకు?"

"పిల్లల పళ్ళేంటమ్మా?" అన్నాను నేను, అయోమయంగా.

పోలమ్మ చెప్పింది. బాలింతకు పాలు పడాలని సొర పిట్టు వండి పెట్టడం మన తీరంలో అందరికీ తెలిసిందే. ఆ పల్లెలో ఇంకో ఆచారం కూడా ఉంది. బాలింత కోసం కోసిన సొర పై దవడలోంచి ముందుపన్ను, బాగా పెద్దది చూసి ఒకటి తీస్తారు. దారం జారకుండా రెండు పక్కలా కత్తితో గాటు పెట్టి, నల్లతాడుతో బిడ్డ నడుముకు కడతారు. మా అమ్మ నాకు కట్టిన తాయెత్తు లాంటిదే. బిడ్డకు తొలిపన్ను మొలిచిన రోజు తల్లి దాన్ని విప్పి, ఏటి ఒడ్డున బురదలో మడమతో తొక్కేస్తుంది.

"ఇంట్లో ఎందుకు ఉంచుకోరమ్మా?" అని అడిగింది ఝాన్సీ.

"బిడ్డకు సొంత పన్ను వచ్చినాక ఇంక సొర పన్ను ఎందుకమ్మా? ఎవురిది ఆళ్ళకి ఇచ్చెయ్యాల. మా అత్త తొక్కింది, ఆళ్ళత్త తొక్కింది. మొన్న గాలివానకి గట్టు తెగి బయటపడుంటయ్యి."

బురద వాటిని నల్లగా చేసింది. ఎన్ని తరాల తల్లులు తొక్కారో పోలమ్మకూ తెలియదు. వాటిని తెచ్చేసినందుకు కోపం వచ్చిందేమోనని మేడం అడిగారు. "మీరేం దొంగతనం చేశారా? చూసుకోని, వీలున్నప్పుడు తెచ్చి యాడియి ఆడ పెట్టండి" అంది పోలమ్మ. ఎండుచేపలు పొట్లం కట్టి ఇస్తే మేడం వద్దనకుండా తీసుకున్నారు.

కమిటీ

విషయం విన్న ప్రిన్సిపాల్‌గారు కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి తేరుకుని, "మేడం, మీరు అబద్ధం చెప్పొద్దు. నేను అడగను కూడా. వాళ్ళు అడిగితే పరిశీలనలో ఉందనండి. కోర్సు నిలబడ్డాక నిదానంగా నిజం చెబుదురుగాని" అన్నారు.

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. గదిలోంచి బయటికి వచ్చాక, "మేడం, అలా అంటే పోయేదేముందండీ?" అన్నాను.

"పరిశీలన అయిపోయింది కదా వలీ గారూ" అన్నారు ఆవిడ. కోపంగా అనలేదు, విసుగ్గానూ అనలేదు. టైం ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పారు.

కమిటీ వచ్చిన రోజు మ్యూజియం మధ్య బల్ల మీద అగ్గిపెట్టెలన్నీ తెరిచి పెట్టి ఉన్నాయి. మేడం అక్షరాలతో అట్ట: "ఈ కాలపు సొర పళ్ళు. మనుషులు ఏరి గాటు పెట్టినవి. నలుపు బురద వల్ల వచ్చింది. శిలాజాలు కావు." కమిటీ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "శిలాజాలు కానప్పుడు ఇందులో జియాలజీ ఏముందమ్మా?" అని అడిగారు.

"కాదని చెప్పగలగడమేనండీ" అన్నారు మేడం.

తర్వాత ఆవిడ దవడ కాగితం పరిచారు. కింది దవడ ఎందుకు ఖాళీగా ఉందో ఝాన్సీ చేత చెప్పించారు. గాటు చూపించారు, విరిగిన పన్ను చూపించారు. కాలేజీలో నేను ఎన్నో పాఠాలు విన్నాను, చెప్పాను. అంత మంచి పాఠం వినలేదు. కమిటీలో ఒకాయనైతే భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు అందరూ మేడంకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

కోర్సు మాత్రం మూసేశారు. ఇక కొత్త అడ్మిషన్లు ఉండవని కబురు వచ్చింది. మ్యూజియం గది కంప్యూటర్లకు ఇచ్చేశారు. బీరువాల్లో రాళ్ళు కొన్ని వేరే కాలేజీకి వెళ్ళాయి, కొన్ని మెట్ల కింద గదికి. అది న్యాయమని నేను ఇప్పటికీ అనుకోను. రైతులు బోరు వేయాలన్నా, సిమెంటు కావాలన్నా, ఒడ్డు కోసుకుపోతే ఇళ్ళెక్కడ కట్టాలో తెలియాలన్నా ఈ చదువే కావాలి. బెంచీలు ఖాళీగా ఉన్నాయని చదువు పనికిరాదనడం, వాన పడలేదని నాగలి అమ్ముకోవడం లాంటిది. ఝాన్సీ మాత్రం చదువు ఆపలేదు. ఉప్పుటేటి బురదలో పళ్ళు, ఎముకలు ఎలా రంగు మారతాయో, వాటిని చూసి ఎలా మోసపోకూడదో అదే తన పరిశోధనగా మార్చుకుంది. ఇప్పుడు వేరే ఊళ్ళో పాఠాలు చెబుతోంది.

ఏటి ఒడ్డున

గది ఖాళీ చేశాక, అగ్గిపెట్టెలన్నీ సంచిలో సర్దుకుని మేడం, ఝాన్సీ, నేను మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాం. కబురు ముందే తెలిసిందేమో, పోలమ్మతోపాటు మరికొందరు ఆడవాళ్ళు ఏటి ఒడ్డుకు వచ్చారు. చంకల్లో పిల్లలున్నారు. నన్ను గట్టు మీదే ఆగమన్నారు, అది ఆడవాళ్ళ పని. మేడం చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బురదలోకి దిగారు. పోలమ్మ పక్కన నిలబడి చూపించింది. పన్ను మొన కిందికి ఉండేలా పెట్టి, మడమతో ఒక్క తొక్కు.

నాలుగైదు తొక్కాక మేడం ఆగారు. "పోలమ్మా, ఒక మాట అడగనా? తొలిపన్ను రాకముందే పోయిన బిడ్డలుంటే, వాళ్ళ సొర పన్ను ఏం చేస్తారు?"

"అది ఆ బిడ్డతోనే పోద్ది తల్లీ. నడుముకున్నది విప్పం, అట్టానే పూడుస్తాం" అంది పోలమ్మ. తర్వాత బురద వైపు చేయి చూపించి, "ఈడ ఉన్నయ్యన్నీ బతికినోళ్ళయ్యే" అంది.

ఝాన్సీ చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. ఒడ్డున ఒక చంటిబిడ్డ ఏడుస్తుంటే వాళ్ళమ్మ ఊరుకోబెడుతోంది.

కాసేపటికి పోలమ్మే అడిగింది. "మీ సదువు మూసేశారంటగా తల్లీ? ఈ పిల్ల సెప్పింది. ఇయ్యి రాతిపళ్ళయ్యుంటే మూసేవాళ్ళు గాదంటగా?"

మేడం బురదలో కూరుకుపోయిన కాలు పైకి లాగి, పోలమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"రాతిపళ్ళయితే బతికిన మీ పిల్లలు ఒక్కరూ లేనట్టే కదమ్మా. ఇదే నయం" అన్నారు. అని, తర్వాతి పెట్టె కోసం ఝాన్సీ వైపు చేయి చాచారు.